చెవిమిషనుకు స్వామి డబ్బా

జహీరాబాద్‌లో ఒక స్వామి ఇచ్చిన రేకు డబ్బా వెల్డింగు దయ్యం నోరు మూయిస్తోందని విని, ఎనభైల నడుమ ఒక వేసవిలో, దాని గుట్టు విప్పడానికి హైదరాబాద్‌లో పొద్దున్నే బస్సెక్కాను. పక్కసీట్లో, అల్లం అమ్మి ఖాళీ గోనెసంచులతో తిరిగివస్తున్న న్యాల్‌కల్ రైతు. ఎందుకు వెళ్తున్నానో చెప్పాను.

"డబ్బ కోసం పోతున్నరా? మస్తు పవరున్నది సారూ. మీ మోకాళ్లకు గూడ ఒకటి అడుగున్రి" అన్నాడు, నేను మోకాళ్లు నిమురుకోవడం చూసి.

సదాశివపేటలో ఇడ్లీ తిని, ఎండ ముదిరేసరికి జహీరాబాద్‌లో దిగాను. హైవే పక్కనే, ఆ డబ్బా తెచ్చుకున్న సంగప్ప షాపు. లారీల కిందికి దూరి వెల్డింగు చేస్తాడు. సుత్తిమోతకు చెవులు దెబ్బతిని, చొక్కా జేబులో చెవిమిషను పెట్టుకుంటాడు. వెల్డింగు మొదలవగానే అందులో ఒకటే రొద. అది ఏదో లారీలో చచ్చిన డ్రైవరు ఏడుపని చెప్పి స్వామి విభూతి పూసిన డబ్బా ఇచ్చాడు. మిషను అందులో పెట్టి మూత బిగిస్తే రొద ఆగింది. దాంతోపాటు లోకంలోని చప్పుళ్లన్నీ ఆగాయి.

దయ్యాలు లేవని అరగంట వాదించాను. సంగప్ప భక్తిగా తలూపాడు.

"మూత వెట్టుకున్నడు సారూ. మీరు పొద్దుందాక చెప్పినా ఇనరాదు" అని ఆయన భార్య మల్లమ్మ నవ్వింది. ఆ నవ్వు నిలవలేదు. "మొన్న ఆయన కిందుండంగనే డ్రైవరు బండి ఇంజను చాలు చేసిండు. ఎంత ఒర్రినా ఇనలే. కాళ్లు వట్టి గుంజిన. నేను లేనినాడు ఎట్ల?"

మిషను డబ్బాలోంచి తీయించి జేబులో పెట్టించి, వెల్డింగు పెట్టమన్నాను. వెల్డింగు తీగ ఆయన భుజం మీదుగా, మిషనున్న జేబును రాసుకుంటూ పోతోంది. కరెంటు తిరిగివెళ్లే తీగ కొసన ఉండే ఎర్తు క్లాంపు లారీకి ఆ చివర ఉంది. నా రేడియో మెకానిక్ మిత్రుడు చెప్పి పంపినట్టు తీగను కాళ్లవైపు నుంచి తిప్పించి, క్లాంపును అతుకు పక్కనే బిగించి, వెల్డింగు కరెంటు పెట్టెను దూరం జరిపించాను. ఫోను మాటలతోపాటు తీగల్లోని కరెంటు రొదనూ పట్టే టెలిఫోను వైపున్న చెవిమిషను మీటను మామూలు వైపు నెట్టాను. రొద సన్నగిల్లింది.

మల్లమ్మ లారీ వెనక్కి వెళ్లి కేక వేసింది. "ఇనొస్తుందా? చాయ్ తాగుతవా?"

"శక్కర జర తక్కువెయ్యి!" అని లారీ కింది నుంచి జవాబు.

ఇక డబ్బా పారేయమన్నాను. సంగప్ప అదిరిపడ్డాడు. "అట్లనకున్రి సారూ. మిమ్మల్ని ఈడికి తోలుకొచ్చింది ఆ డబ్బనే గద!"

నేను బస్సెక్కింది నిజంగా దానికోసమే.

సాయంత్రం తిరుగుబస్సులో లెక్క చూసుకుంటే, ఆ ఊళ్లో ఒక్క దయ్యాన్నీ చంపలేకపోయానని తేలింది. కానీ రేపు డ్రైవరు కేకేస్తే సంగప్ప లారీ కింది నుంచి బయటికొస్తాడు. అటు వెళ్లేవారికి స్వామి మహిమ వినిపిస్తే వాదించకండి. ముందు తీగ ఎటు నుంచి పోతోందో చూడండి.