చిల్లు లేని బిగింపు

బాబాయి దేనికీ చిల్లు పెట్టడు. తను పెట్టడు, ఇంకొకరిని పెట్టనివ్వడు. ఎవరైనా గోడకు మేకు కొడదామని సుత్తి ఎత్తితే చాలు, చెయ్యి అడ్డం పెట్టి "చిల్లొద్దు" అంటాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని చిల్లొద్దు బాబాయి అంటుంది. అసలు పేరు పోస్ట్‌మాన్‌కు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ ఇంట్లో గోడ గడియారం కుర్చీలో కూర్చుంటుంది. చుట్టాలొస్తే దాన్ని లేపి మంచం మీద బోర్లా పడుకోబెట్టి, అప్పుడు వాళ్లకు కుర్చీ ఇవ్వాలి. ఇక వాళ్లు వెళ్లేదాకా టైమెంతో ఎవరికీ తెలియదు. అద్దం కిటికీ ఊచలకు తాడుతో కట్టి ఉంటుంది కాబట్టి, తల దువ్వుకుంటున్నంతసేపూ రోడ్డున పోయేవాళ్లందరినీ పలకరించాల్సిందే. ఒళ్లు తగ్గి ప్యాంటు జారుతున్నా ఆయన బెల్టుకు కొత్త చిల్లు పెట్టుకోలేదు. మడిచి, బట్టలారేసే క్లిప్పు పెట్టుకున్నాడు.

అలాంటి మనిషి అన్న కూతురు పశువుల డాక్టరైంది. ఉద్యోగం ఆ ఊళ్లోనే రావడంతో బాబాయి ఇంట్లోనే దిగింది. మొదటిరోజు ఆమె సూదుల పెట్టె చూసి ఆయన నిట్టూర్చాడు.

"ఇంత చదివీ చివరికి చిల్లులు పెట్టే ఉద్యోగమే దొరికిందా, అమ్మడూ?"

ఆమె తిరగాల్సిన పశువుల దొడ్లు ఎక్కడెక్కడో రాళ్ల దారుల చివర ఉన్నాయి. టీకా మందు చల్లదనం పోతే నీళ్లతో సమానం. పోయినసారి ఆఖరి దొడ్డికి చేరేసరికి పెట్టెలో మంచు కరిగిపోయింది. మందంతా పారబోసి, ఎదురుచూస్తున్న రైతు ముఖం చూడలేక తల దించుకుని వెనక్కి వచ్చింది. ఆ బాధతోనే బండి బ్యాటరీ మీద నడిచే ఫ్రిజ్ కొంది. తన పికప్ వెనక తొట్టిలో దాన్ని సొరుగులా బయటికి లాగేటట్టు బిగించాలి. టీకాల గిడ్డంగి అధికారి మాత్రం, తను బండెక్కి తిరిగి, ఫ్రిజ్ కదలడంలేదని చూశాకే మందు ఇస్తానన్నాడు. వానలు మొదలయ్యేలోపు టీకాలు పడకపోతే ఆ దొడ్లలో గాలికుంటు రోగం తప్పదు.

మెకానిక్ డ్రిల్లు మిషన్‌తో ఇంటికే వచ్చాడు. నాలుగు చిల్లులు, నాలుగు బోల్టులు, టీ చల్లారేలోపు పని అయిపోతుందన్నాడు. అతను వైరు విప్పేలోపే బాబాయి తొట్టిలోకెక్కి వెల్లకిలా పడుకున్నాడు.

"చిల్లు పెడితే తుప్పు పడుతుంది. పెట్టాలనుంటే నా పొట్ట మీంచి పెట్టు."

మెకానిక్ ఆమె వైపు తిరిగాడు. "డాక్టరమ్మా, గేదెలకిచ్చే మత్తుమందేదైనా ఉంటే ఈయనకివ్వండి, పని కానిచ్చేస్తాను."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు? మెకానిక్ టీ తాగి వెళ్లిపోయాడు. అధికారి రావడం దగ్గరపడింది, ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. కిటికీలోంచి చూస్తున్న పిన్ని మాత్రం, కంగారుపడకు, మీ బాబాయి చూసుకుంటారులే అంది.

నిజంగానే చూసుకున్నాడు. తొట్టి నేలను అంగుళం వదలకుండా కొలిచి, చక్రాల మీది ఉబ్బుల మధ్య సరిగ్గా ఇమిడేలా మందపాటి చెక్క కోయించాడు. జారకుండా చెక్క కింద రబ్బరు పట్టా పరిచాడు. సామాను కట్టుకోవడానికి తొట్టి మూలల్లో కంపెనీవాళ్లే పెట్టిన కొక్కేలుంటాయి. చెక్కను నాలుగు మూలలా వాటికి తగిలించి, తిప్పితే బిగిసే మరలతో లాగి పట్టాడు. ఫ్రిజ్‌ను మోసే సొరుగు పట్టాలు ఆ చెక్క మీద బోల్టులతో కూర్చున్నాయి.

"మరి చెక్కకున్నవి చిల్లులు కావా, బాబాయ్?"

"అవి ఊరి చివర వడ్రంగి కొట్లో పడ్డాయమ్మా. మనింట్లో పడలేదు కదా."

అంతా అయ్యాక వీధివాళ్లను పిలిచి, ఠీవిగా సొరుగు లాగాడు. అది కదల్లేదు. గట్టిగా లాగితే క్లిప్పు ఊడి ప్యాంటు జారింది గాని సొరుగు రాలేదు. తీరా చూస్తే, మొత్తం ముందుది వెనక్కి పెట్టి బిగించాడు, సొరుగు డ్రైవరు సీటు వైపు తెరుచుకుంటోంది. వీధి విరగబడి నవ్వింది. ఆయన ఏమీ చిన్నబుచ్చుకోలేదు. మరలు వదులు చేసి, చెక్కను ఇటు తిప్పి, మళ్లీ బిగించి, ప్యాంటు సర్దుకున్నాడు.

"చూశారా, చిల్లు పెట్టుంటే ఇప్పుడేం చేసేవాళ్లు?"

అధికారి వచ్చాడు. గడియారాన్ని లేపి కుర్చీ ఇచ్చారు, టీ ఇచ్చారు. తర్వాత ఆయన్ని ఎక్కించుకుని ఆమె బండిని రాళ్ల దారి పట్టించింది. బాబాయి చెక్క చుట్టూ ముందే సుద్దగీత గీసి ఉంచాడు. దారిలో అధికారి కళ్లజోడు ఎగిరింది, గొడుగు ఎగిరింది, ఒకటి రెండుసార్లు అధికారే ఎగిరాడు. తిరిగొచ్చి చూస్తే చెక్క సుద్దగీతను ఒరుసుకుని అక్కడే ఉంది. సొరుగు ఒంటి వేలితో లాగితే వచ్చింది. అది పూర్తిగా బయటికొచ్చాక అధికారి రెండు చేతులా బరువేసి నొక్కినా చెక్క లేవలేదు. బండి కింద దూరి చిల్లుల కోసం వెతికి, చొక్కా అంతా మట్టి చేసుకుని బయటికొచ్చాడు.

"చిల్లు లేకుండా ఎలా నిలబడిందండీ ఇది?"

"నిలబడాలంటే పొడవక్కర్లేదండీ. నాలుగు వైపులా సమంగా పట్టుకుంటే చాలు," అన్నాడు బాబాయి.

మందు ఇవ్వడానికి అధికారి ఒప్పుకున్నాడు. ఆమెకు గర్వం ఆగలేదు. ఈయన మా బాబాయి అని దారినపోయే ప్రతివాళ్లకూ చెప్పాలనిపించింది. ముందు పిన్నికి చెబుదామని లోపలికి పరిగెత్తింది.

పిన్ని నవ్వి, బీరువాను కాస్త పక్కకు జరిపింది. వెనక గోడకు ఒక చిల్లు ఉంది.

"కొత్తకాపురంలో గడియారం కోసం ఆయనే పెట్టారు. ఆ డ్రిల్లు మిషన్ చప్పుడుకి నాకు అప్పట్లో ఉన్న తలనొప్పి రేగి, కళ్లు తెరవలేక పడుకుండిపోయాను. ఆ సాయంత్రమే మిషన్ ఎవరికో ఇచ్చేశారు. ఎవరడిగినా నా మాట ఎత్తలేదు, తనకే చిల్లులంటే పడదని చెప్పారు. కోడలికి సుకుమారం ఎక్కువ అని ఎవరూ అనకుండా, పిచ్చివాడనే పేరు ఆయనే మోశారు. మోయగా మోయగా అదే ఆయన విద్యైపోయింది."

ఆమె ఆ చిల్లును వేలితో తడిమింది. "ఇప్పటికీ ఆ తలనొప్పి వస్తుందా, పిన్నీ?"

పిన్ని వాకిలి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"ఎప్పుడో పోయింది. కళ్లజోడు పెట్టుకున్నాక మళ్లీ రాలేదు. చెబుదామనే వెళ్లాను. అప్పుడే చిల్లు లేకుండా పరదా కట్టి, చూడవే అంటూ నన్ను పిలుస్తున్నారు. ఆ ముఖం చూశాక ఎలా చెప్పను? నువ్వూ చెప్పకు."

మర్నాడు ఆఖరి దొడ్డిలో ఆఖరి దూడ దాకా చల్లటి మందే పడింది. సొరుగు వంక వింతగా చూసిన రైతుకు, ఇది మా బాబాయి పనితనం అని ఆమె గొప్పగా చెప్పుకుంది.

ఇంటికొచ్చేసరికి బాబాయి గుమ్మంలోనే ఉన్నాడు.

"ఎన్ని చిల్లులు పెట్టొచ్చావమ్మా?"

"దొడ్డి మొత్తానికీ పెట్టాను, బాబాయ్. బండికి మాత్రం ఒక్కటీ లేదు."

ఆయన మీసం దువ్వుకున్నాడు. లోపల పిన్ని గడియారాన్ని ఒళ్లోకి తీసుకుని, దుమ్ము తుడిచి, మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది.