కప్పు వేసిన కోట

మా పై అంతస్తు డ్రాయింగ్ మాస్టారు పోయారని మొన్న మంగళవారం పొద్దున వారి కోడలు లిఫ్టులో చెప్పింది. "నిద్రలోనే, అంకుల్" అంది. నేను కిందికి బయల్దేరిన పని మరిచిపోయి, మళ్ళీ పైకొచ్చి, హాల్లో గోడకున్న కోట ముందు కూర్చున్నాను.

ఈ పరాయి దేశంలో, చోవా చూ కాంగ్‌లో ఈ ఫ్లాట్ గృహప్రవేశానికి మాస్టారు తెచ్చిచ్చిన తైలచిత్రం అది. కొండకొమ్మున విరిగిన బురుజు, కప్పులేని గోడలు, లోపల మొలిచిన చెట్టు, వెనక సాయంకాలపు వెలుగు. రెండొందల ఏళ్ళ కిందటి యూరప్ చిత్రకారులంటే ఆయనకు ప్రాణం. కోట చాలినంత పాడుబడకపోతే వాళ్ళే కుంచెతో ఇంకో గోడ కూల్చేవారట. అక్కడి జమీందార్లయితే తోటల్లో కొత్తగా పాడుకోటలు కట్టించుకునేవారట! మేస్త్రీకి ఏమని చెప్పేవారో పాపం. సరే, దారి తప్పాను.

మా ఆవిడ బొమ్మ చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"కొత్తింట్లో పాడుకొంపా? అన్నయ్యగారు ప్రేమగా ఇచ్చారు, కాదనలేం. మీరే ఏదో ఒకటి చెయ్యండి."

చేశాను. పుస్తకాలు చూసి బొమ్మలు నేర్చుకున్నవాడికి ధైర్యం ఎక్కువ. మనవరాలి పోస్టర్ రంగులతో కోటకు ఎర్ర పెంకులు కప్పాను. నూనె రంగు మీద నీళ్ళ రంగు నిలవక మూడు పూతలు పట్టింది. కింద గోడ దగ్గర గడ్డిపోచల్లాంటివేవో ఉంటే, వాటి మీద గుమ్మం పెట్టి మామిడి తోరణం కట్టాను.

మరుసటి వారం మాస్టారు భోజనానికొచ్చి చూశారు. నా చేతిలో పప్పు గరిటె ఆగిపోయింది. ఈ ఊళ్ళో నన్ను 'ఏమయ్యా' అని పిలిచే మనిషి ఆయనొక్కరే. ఆ పిలుపు ఇక వినపడదనుకున్నాను.

"తోరణం బాగుందయ్యా" అన్నారు చివరికి. "ఆ చెట్టే పాపం, ఇక తల వంచుకు బతకాలి."

"తప్పయిపోయింది మాస్టారూ."

"తడిగుడ్డతో పోయేదానికి తప్పేమిటి? మా చెల్లెమ్మ భయం తీరాకే తుడువు. తొందరేం లేదు."

ఆపైన ఎప్పుడు కనపడ్డా ఒకటే ప్రశ్న: "ఏమయ్యా, కప్పు కారుతోందా?"

శనివారాలు ఎండైనా వానైనా చంకలో గొడుగుతో వచ్చి, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో కోపీ, అదే ఇక్కడి కాఫీ, తాగుతూ టిష్యూ కాగితాల మీద నాకు పాఠాలు చెప్పేవారు. కాలేజీ మెట్లెక్కని నాకు చూడటం నేర్పింది ఆయనే. "ఇక్కడ ఏదీ పాడుబడదయ్యా, పాతబడకముందే కూల్చేస్తారు. అందుకే శిథిలాన్ని గోడకైనా తగిలించుకోవాలి" అనేవారు. కోట ఎంతటిదో తెలియడానికి పక్కన గోరంత మనిషిని వేస్తారని కూడా చెప్పారు.

"మరి నా కోటలో మనిషేడీ?" అన్నాను.

"లోపలే ఉన్నాడులే."

నేను పట్టించుకోలేదు. తుడవనూ లేదు. ఏళ్ళు గడిచాయి.

నిన్న మా ఆవిడే తడిగుడ్డ తెచ్చి చేతికిచ్చింది. "తుడవండి. అన్నయ్యగారి కోట అన్నయ్యగారిలాగే ఉండనీండి" అంది.

పెంకులు పోయాయి. చెట్టు తలెత్తింది. తోరణం పోయి, గుమ్మం పోయాక, గోడ నీడలో గోరంత మనుషులు ఇద్దరు కనిపించారు. ఒకరిది నా బట్టతల. రెండోవారి చంకలో గొడుగు, మాస్టారి గొడుగే. ఇద్దరూ రాతి మీద పక్కపక్కన కూర్చుని, తలలెత్తి, కప్పులేని చోట ఆకాశాన్ని చూస్తున్నారు.