చిన్న యుద్ధం

స్పెయిన్‌లోని నవార్రా కొండల్లో పందులు కోసే బ్లాస్ ఓచోవా పొట్టి మనిషి. చొక్కా మోచేతుల దాకా మడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా పని చేసుకుపోతాడు. పనయ్యాక వేళ్ల సందులు వెనిగర్‌తో కడుక్కుని, గోళ్లు వాసన చూసుకుని మరీ భోజనానికి కూర్చుంటాడు. పోయిన చలికాలం, దేశాన్ని ఆక్రమించిన ఫ్రెంచివాళ్లు ఊరికి నిప్పుపెట్టి, అతని తమ్ముణ్ణి చర్చి తలుపుకు మేకులతో కొట్టి చంపారు. ఆనాటి నుంచి బ్లాస్ కొండల్లోని దళంతో తిరుగుతున్నాడు.

1810 మార్చిలో దళం కనుమ దగ్గర ఫ్రెంచి ఉత్తరాల బండిని పట్టుకుంది. నలుగురు కాపలావాళ్లను రాళ్లతో, కొడవళ్లతో అక్కడికక్కడే చంపేశారు. మిగిలిన లెఫ్టినెంట్‌ను చెట్టుకు కట్టారు. తూటా దండగని నాయకుడు బ్లాస్‌ను పిలిచాడు.

"నేను సైనికుణ్ణి. కాల్చి చంపండి. ఇది యుద్ధం," అన్నాడు లెఫ్టినెంట్, వచ్చీరాని స్పానిష్‌లో.

"యుద్ధం మీది దొరా. దాన్ని గెర్రా అంటాం. దానికి ఫిరంగులుంటాయి, బాజాలుంటాయి. మాకున్నవి కత్తులే. అందుకే మాదాన్ని గెరిల్లా అంటున్నారు, చిన్న యుద్ధమని," అన్నాడు బ్లాస్.

"చచ్చేవాడికి పాఠాలెందుకురా? కానియ్!" అని నాయకుడు నవ్వాడు.

మొదటి పోటు పక్కటెముకకు తగిలి జారింది. రెండోది దిగింది గాని ప్రాణం పోలేదు. మూడోసారి బ్లాస్‌కు చేయి లేవలేదు. లెఫ్టినెంట్ వాళ్లమ్మను పిలుస్తూ గిలగిల కొట్టుకున్నాడు. దళం గుర్రాలు తోలుకుని వెళ్లిపోయింది. బ్లాస్ మాత్రం కట్లు కోసి, అతని తల ఒళ్లో పెట్టుకుని, ఆ కేకలు ఆగేదాకా అక్కడే కూర్చున్నాడు.