నాయనతో పట్నం దవాఖానకు

నాయనకు కంపవాతం వచ్చి ఆరేళ్లయింది. మొదట్లో చెయ్యి ఒక్కటే వణికేది. ఈ ఏడు నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోతున్నాయి. ముప్పై ఏళ్లు మద్నూర్ దారిలో లారీ నడిపిన మనిషి, ఇప్పుడు గడప దగ్గర అడుగు పడక నా వైపు చూస్తాడు. హైదరాబాద్‌లో డాక్టరుకు చూపించడానికి కారు మాట్లాడతానంటే, "నేనింకా మంచం పట్టలే బిడ్డా, బస్సుల పోదాం" అన్నాడు.

పొద్దున ఐదున్నరకు బాన్సువాడలో ఎక్కాం. ఐదింటికే గోలీ వేశాను కాబట్టి మెట్లు తనే ఎక్కాడు. ఒక్కో గోలీ పనిచేసేది మూడు గంటలు. ఎల్లారెడ్డి దాటేదాకా డ్రైవరు గేర్లు మార్చడం వింటూ కూర్చున్నాడు. "క్లచ్ అరిగింది" అన్నాడొకసారి.

ఏడుంబావుకు మెదక్‌లో పది నిమిషాలు ఆపారు. మరుగుదొడ్డికి వెళ్లాలన్నాడు. మగవాళ్ల వైపు తలుపు దాకా నడిపించాను. అంతకుమించి నేను వెళ్లలేను. మందు పనిచేస్తున్నా ఇరుకు తలుపుల్లో ఆయన కాళ్లు ఆగిపోతాయి. అక్కడా ఆగాయి. వెనకున్నాయన "ఏందే, జరుగు" అని విసుక్కున్నాడు. మా బస్సు హారన్ మోగింది.

"కొట్టనీ. వాని టైం వానికుంటది" అన్నాడు నాయన, ఉన్నచోటు నుంచి కదలకుండానే.

చివరికి కండక్టర్ వచ్చి, చంకల కింద చేతులేసి లోపలికి తీసుకెళ్లాడు. అప్పటికే పంచె తడిసింది. ఇంకో పంచె తేవాలని నాకు తోచలేదు. నా చున్నీ నడుముకు చుట్టి కూర్చోబెట్టాను. హైదరాబాద్ వచ్చేదాకా నాయన కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు.

పదకొండింటికి డాక్టరు ఆయన్ను వరండాలో నడిపించి చూశాడు. "మందు పెంచుతాను. కానీ ఇదివరకటిలా పనిచేయదు. చక్రాల కుర్చీ కొనండి" అని నాతో అన్నాడు.

"ఇంకెన్ని దినాలు నడుస్త సారూ?" నాయన అడిగాడు.

"అది చెప్పలేనండీ."

మధ్యాహ్నం హోటల్లో పెరుగన్నం తినిపించబోతే చుట్టూ చూసి వద్దన్నాడు. తనే తిన్నాడు. సగం మెతుకులు ఒళ్లో పడ్డాయి.

రెండున్నర బస్సుకు బస్టాండు చేరేసరికి, డాక్టరు దగ్గర వేసిన గోలీ బలం తగ్గింది. బల్ల మీంచి లేచాడు గానీ అడుగు పడలేదు. పక్కన కూర్చున్న ఒక ముసలామె, ఎల్లారెడ్డి దగ్గరి తండా ఆమె, తన చేతికర్రను ఆయన పాదాల ముందు అడ్డంగా పెట్టింది.

"నడవకు బాపూ. గీ కట్టెను దాటు."

నాయన కాలెత్తి దాటాడు! ఆమె వంగి మళ్లీ పెట్టింది. మళ్లీ దాటాడు. అలా బస్సు దాకా వచ్చాడు. నాకు ఏడుపొచ్చింది.

"మా ఇంటాయనది గూడ గిదే బీమారి. పోయినేడు దాకా గిట్లనే దాటిండు" అంది ఆమె.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఎత్తుకుంటున్నం."

ఆ మాట నాయన విన్నాడు.

ఎల్లారెడ్డిలో ఆమె దిగిపోయాక చాలాసేపటికి, "శీనుకు నువ్వేం చెప్పకు. నేనే అడుగుత" అన్నాడు. శీను నా భర్త. ఇన్నాళ్లూ అల్లుడు చెయ్యి అందించినా నాయన పట్టుకోలేదు.

ఈ రోగంతో ఉన్నవాళ్లను బస్సులో తీసుకెళ్లేవారికి నాకు తెలిసింది చెబుతున్నాను. ఇంకో జత బట్టలు పెట్టుకోండి. తండ్రినైతే ఒక మగమనిషిని తోడు తీసుకోండి. ఇంతకు మించి ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నదేమీ లేదు.

ఆరూ ముప్పావుకు బాన్సువాడలో బస్సాగింది. శీను కిందే నిలబడి ఉన్నాడు. నాయన తలుపు దగ్గరికి వచ్చి, పై మెట్టు మీద ఆగిపోయాడు. శీను వైపు చూశాడు. తర్వాత వణుకుతున్న రెండు చేతులూ ముందుకు చాపాడు.

"జర ఎత్తుకో బిడ్డా."