అందరి తరఫునా ‘నేను’ అన్న మనిషి

మా చిన్నాయన పోయాడని దోర్నపాల్ నుంచి వచ్చిన బండివాడు చెప్పాడు. ఉప్పు బస్తాలు దించి, తలగుడ్డతో మొహం తుడుచుకుని, “మీ దుబాసీ చిన్నాయన నిద్దట్లనే పోయిండు, చిన్న షావుకారూ” అన్నాడు. అప్పుడు కొట్లో నేనూ, మా నాయనా ఉన్నాం. నాయన గల్లా పెట్టె మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నానికల్లా కబురు ఊరంతా పాకింది. రాజు పక్షం వాళ్ళు మా అరుగెక్కి, “పాపం, మన మనిషి” అన్నారు. ప్రజారాజ్యం కావాలన్న ఖద్దరు పక్షం తరఫున మా ఊరి బడిపంతులు మనిషిని పంపించాడు, “పోయింది మా మనిషి, సంతాప సభ మేమే పెడతాం” అని. రెండు మాటలూ విన్నాక నాకు ఒళ్ళు మండింది. చిన్నాయన బతికున్నన్నాళ్ళూ వీళ్ళు ఆయన్ను వాళ్ళ మనిషన్నారు, వాళ్ళు వీళ్ళ మనిషన్నారు. ఊపిరి ఆగాక ఇద్దరికీ ఒక్కసారే ముద్దొచ్చాడు. శవాన్ని చూడ్డానికి కూడా వేర్వేరు బళ్ళలో వెళ్ళారు.

ఆయనెవరో తెలియని మీకు ముందు ఆయన పనేమిటో చెప్పాలి. శబరి ఒడ్డున మాది వ్యాపారాల మీద బతికే తెలుగు కుటుంబం. ఉప్పు, బట్టలు అమ్ముతాం, అడవి సరుకు కొంటాం. నాయన కొట్టు చూసుకుంటే, ఆయన తమ్ముడైన చిన్నాయన రాజుగారి స్టేట్ కచేరీలో దుబాసీ. వచ్చే తహసీల్దార్లకు హిందీ తప్ప రాదు. బోనెక్కేవాళ్ళకు దోర్లి, గోండి భాషలు తప్ప రావు. మధ్యలో మా చిన్నాయన నోరు. మిగతా దుబాసీలు “వీడు చెట్టు కొట్టానంటున్నాడు హుజూర్” అనేవాళ్ళు. ఆయన మాత్రం “నేను చెట్టు కొట్టాను హుజూర్” అనేవాడు. ముద్దాయి గొంతు వణికితే ఈయన గొంతూ తగ్గేది. ముద్దాయి అబద్ధమాడితే ఆ అబద్ధాన్ని అంతే ధీమాగా చెప్పేవాడు. కొత్తగా వచ్చిన తహసీల్దారొకాయన, “ఏమయ్యా, చెట్టు నువ్వే కొట్టావా?” అని వేళాకోళం చేస్తే, “ఈ పేషీ అయిపోయేదాకా నేనే కొట్టాను హుజూర్” అన్నాడట.

పేషీ అయ్యాక బయటికొచ్చి చెంబెడు నీళ్ళతో నోరు పుక్కిలించి ఉమ్మేవాడు. ఎందుకని చిన్నప్పుడు నేనడిగితే, “పొద్దంతా అద్దెకిచ్చి వస్తిని గదరా, కడుక్కోకుంట ఇంట్లకు తెచ్చుకుంటే మీ పిన్ని ఊకుంటదా?” అన్నాడు.

ఆయన దేవుడేం కాదు. కండువా నిండా నస్యం మరకలు. పులిజూదంలో ఓడిపోయేలా ఉంటే మోకాలు తగిలినట్టు చేసి కాయలన్నీ చెదరగొట్టేవాడు. కోపమొస్తే అయిదు భాషల్లో తిట్టేవాడు. కానీ సాయంత్రాలు మా అరుగు మీద జరిగే వాదనల్లో ఆయనంత ఓపిక నేనెక్కడా చూడలేదు.

అవి తెల్లవాళ్ళు వెళ్ళిపోవడం ఖాయమైన రోజులు. రాజుగారి పాలన ఉండాలా, పోవాలా అని ఊరు రెండుగా చీలుతోంది. మా నాయనది రాజు పక్షం. అడవి సరుకు కాంట్రాక్టు స్టేట్ చలవే మరి. పంతులుది ఖద్దరు. ఇద్దరూ రోజూ గొంతులు చించుకునేవాళ్ళు. ఒకరోజు చిన్నాయన ఇద్దరినీ ఆపి, “అన్నా, ముందు పంతులు మాట నువ్వు చెప్పు. ‘నేను’ అని చెప్పాలె. నీ మాట ఆ తర్వాత చెప్పుకో” అన్నాడు.

“పంతులు మాట నా నోటితోటి ఏందిరా?”

“చెప్పి చూడు. నాలిక కాలిపోదు.”

నాయన గొంతు సవరించుకుని, “నేను బడిపంతుల్ని. నాకు జీతం చాలుతలేదు. అందుకని రాజు పోవాలంటున్నా” అన్నాడు. అరుగంతా గొల్లుమంది. చిన్నాయన నవ్వలేదు.

“అది పంతులు మాట కాదన్నా, పంతులుకు నువ్వు తొడిగిన మాట. కచేరీల నేనిట్ల చెప్తే ఎన్నడో ఉద్యోగం ఊడేది. మళ్ళా చెప్పు.”

నాయన వక్క నములుతూ ఈసారి మెల్లగా చెప్పాడు. “నేను ఊళ్ళె పిల్లలకు చదువు చెప్తున్నా. పెద్దగైనంక వాళ్ళు ఎవరి గడప ముందరో చేతులు కట్టుకొని నిలబడుడు నాకు ఇష్టం లేదు. రాజు మంచోడే కానీ, వద్దనే హక్కు వాళ్ళకు ఉండాలె.”

పంతులు తల పంకించాడు. “నాకన్నా బాగా చెప్పారు షావుకారూ” అన్నాడు. తర్వాత నాయన మాట చెప్పడం ఆయన వంతు. “నేను చిన్నప్పటి నుంచి ఈ సర్కారును చూశాను. దీని మంచీ తెలుసు, చెడ్డా తెలుసు. రేపు వచ్చేవాడు ఏ ఊరివాడో, మా గోడు వాడి చెవికెక్కుతుందో లేదో తెలియదు. ఉన్న ఇల్లు కూలగొట్టే ముందు కొత్త ఇల్లు ఎక్కడుందో చూపించమంటున్నాను.”

నాయన తమలపాకుల పళ్ళెం పంతులు వైపు జరిపాడు. ఎవరూ పక్షం మారలేదు. మారాలని చిన్నాయనకు లేదు కూడా. “అందరూ ఒకటే మాటంటే ఇంక దుబాసీ ఎందుకు? నాకు కూడెట్ల?” అని నవ్వేవాడు. ఆ ఎండాకాలం మా అరుగు మీద మనుషులు మనుషుల్లా మాట్లాడుకున్నారు. అది నేను కళ్ళారా చూశాను కాబట్టే, తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

దోర్నపాల్ సంతలో ఖద్దరు పక్షం సభ పెట్టింది. బయటి నుంచి వక్తను పిలిపించారు. సంగతి తెలిసి, తమ మాట కూడా చెప్పనివ్వాలని రాజు పక్షం పట్టుబట్టింది. ఇద్దరికీ దుబాసీ మా చిన్నాయనే. వక్త హిందీలో చెప్పింది దోర్లిలో చెప్పాడు. సభ కదాని మా నాయన తెలుగులో చెప్పింది కూడా దోర్లిలోనే చెప్పాడు. రెండుసార్లూ ‘నేను’ అనే. జనం రెండూ విన్నారు. అప్పుడు కిష్టారం వైపు నుంచి సారపప్పు గంపతో వచ్చిన ఒక దోర్ల పెద్దాయన లేచి, దోర్లిలో మాట్లాడాడు. కూర్చోమని ఎవరో కసిరినా కూర్చోలేదు. ఆయన ఆగినప్పుడల్లా చిన్నాయన తెలుగులోనూ, హిందీలోనూ అందుకున్నాడు.

“రాజు ఉండాలా పోవాలా అని మీరు కొట్లాడుకుంటున్నరు. నన్నెవరూ అడగలేదు. అడవిలో గీత గీసి లోపలికి రావద్దన్ననాడు రాజుగారి మనుషులు అడగలేదు. ఇయ్యాల మీరూ అడుగుతలేరు, చెప్తున్నరు. ఇక్కడ కూసున్న ఈ షావుకారు కొట్ల రెండు సోలలున్నయి. నా సారపప్పు కొలిచేది పెద్దది, నాకు ఉప్పు కొలిచేది చిన్నది. రాజు పోతే పెద్ద సోల పోతదా? పోతదంటే మీ ఎంట వస్తా. పోదంటే ఎవరున్నా నాకొకటే.”

ఆ షావుకారు మా నాయన. సోలలు రెండన్నదీ నిజమే.

పందిట్లో రేగింది గోల. వక్త మొహం చిట్లించుకుని దిగిపోయాడు. మా నాయన లేచి, సంతంతా చూస్తుండగా తమ్ముడి మొహం మీద, “నన్ను దొంగంటవారా?” అని అరిచాడు. సభ చెడగొట్టడానికి షావుకారే తమ్ముణ్ణి పంపించాడని పంతులు తన వాళ్ళతో అన్నాడు. నన్ను ఇప్పటికీ కోసేది ఇదే. అక్కడున్న వ్యాపారుల్లో దోర్లి రానివాడు లేడు. ఆ భాషలో బేరమాడే మేం బతుకుతున్నాం. పంతులుకూ వచ్చు. పెద్దాయన చెప్పింది వాళ్ళందరూ ముందే విన్నారు, చలించలేదు. అదే మాట మనవాడొకడు మన భాషలో ‘నేను’ అని అనేసరికి మాత్రం ఒంటికి నిప్పంటుకుంది.

రెండు పక్షాలూ కచేరీకి అర్జీలు పెట్టాయి. ఒకరి అర్జీలో చిన్నాయన రాజద్రోహి, ఇంకొకరి అర్జీలో రాజుగారి తొత్తు. ఎవరూ నమ్మని దుబాసీ మాకెందుకని పనిలోంచి తీసేశారు. నాయన ఆయన్ను మా గడప తొక్కవద్దన్నాడు. పిన్ని అప్పటికే పోయింది, పిల్లల్లేరు. ట్రంకు పెట్టె బండికెత్తుకుని చిన్నాయన దోర్నపాల్ వెళ్ళిపోయాడు. అక్కడ సంతరోజున భాష రాని బేరగాళ్ళకు మాట సాయం చేసి, వాళ్ళు పెట్టింది తిని బతికాడు. మా అరుగు సగం ఖాళీ అయింది. పంతులు పక్షం బడి వరండాకు మారింది. రెండుచోట్లా తమ మాటకు తామే తలూపుకునేవాళ్ళు మిగిలారు.

సరుకు కోసం తోంగ్‌పాల్ వెళ్ళినప్పుడల్లా నేను దోర్నపాల్‌లో దిగి ఆయన్ను చూసేవాణ్ణి. ఒకసారి, “అన్న ఏమంటున్నడురా?” అని అడిగాడు. ఏమీ అనడం లేదన్నాను. ఆయన కళ్ళు మూసుకుని, మా నాయన గొంతుతో మొదలుపెట్టాడు.

“నేను వాణ్ణి ఎత్తుకొని పెంచినా. బాపు పోయినంక వాడి చదువు కోసం నేను బడి మానేసి కొట్ల కూసున్నా. సోలలు నేను చేయించినవి కాదు, బాపు నాటివి. తప్పే. కానీ వాడు ఇంట్ల చెప్తే నేను వినకపోదునా? సంత నడుమ చెప్పాలెనా? నా పిల్లల మొహం నేనెట్ల చూడాలె?”

కళ్ళు తెరిచి, “సరిగ్గా చెప్పిన్నా?” అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. “మరి నీ మాట ఎవరు చెప్తరు చిన్నాయనా?” అన్నాను. ఆయన నస్యం డబ్బీ వెతుక్కుంటూ, “ఎవరన్న చెప్తరేమోనని చూస్తున్నా” అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి ఆయనన్నదంతా నాయనకు చెప్పాను. నాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తనివ్వలేదు.

ఆ తర్వాత స్టేటే పోయింది. దేశంలో విలీనమైందన్న కబురు జగదల్‌పూర్ నుంచి వచ్చిన లారీ డ్రైవరు చెబితే మాకు తెలిసింది. మా ఊరిని నిలువునా చీల్చిన ప్రశ్నకు జవాబు ఎక్కడో రాసేశారు. రాజు పక్షాన్నీ అడగలేదు, ఖద్దరు పక్షాన్నీ అడగలేదు, కిష్టారం పెద్దాయన్నైతే సరేసరి. పోనీ, తగువే లేకుండా పోయింది కదా, ఇకనైనా పలకరించుకున్నారా? లేదు. మా నాయన కొత్త సర్కారు దగ్గర కాంట్రాక్టు నిలబెట్టుకున్నాడు. పంతులు జెండా ఎగరేసి లడ్డూలు పంచాడు. కొట్లో సోలలు రెండూ ఉన్నాయి. చిన్నాయన్ను ఎవరూ వెనక్కి పిలవలేదు.

కర్మ నేనే చేశాను. పదోనాడు శబరి ఒడ్డునే ఎవరూ వదులుకోక రెండు పక్షాలూ ఒకే సంతాప సభ పెట్టాయి. కొత్త సర్కారు అధికారి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పంతులు చిన్నాయన్ను ప్రజల గొంతు అన్నాడు. మా నాయన, నా తోడబుట్టినవాడు మచ్చలేని మనిషన్నాడు. నేను నీళ్ళ అంచున పిండాల దగ్గర కూర్చుని ఉన్నాను. మధ్యలో లేచి రాకూడదు. కానీ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి.

అప్పుడు ఆ దోర్ల పెద్దాయన జనంలోంచి ముందుకొచ్చి మాట్లాడాడు. కొంత చెప్పి ఆగాడు. చిన్నాయనతో మాట్లాడిన అలవాటు.

“క్యా బోల్ రహా హై?” అని అధికారి అడిగాడు.

నాయన పంతులు వైపు చూశాడు. పంతులు నాయన వైపు చూశాడు. సంత తర్వాత వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు.

“కుఛ్ నహీ సాబ్, రో రహా హై” అన్నాడు నాయన, ఏమీ లేదు, ఏడుస్తున్నాడని.

“హాఁ సాబ్” అన్నాడు పంతులు.

ఆ పెద్దాయన ఏడవడం లేదు. ఆయనన్నది ఇదీ: “ఆ రోజు అడిగింది నేను. దండన ఈయనకు పడింది. నేనడిగినదానికి ఇప్పటికీ మీరెవరూ జవాబు చెప్పలేదు. ఈయన పోయాడు కాబట్టి మళ్ళీ నేనే అడుగుతున్నా.”

అధికారి జాలిగా తలూపి కుర్చీలోంచి లేచాడు. పెద్దాయన మాత్రం కదల్లేదు. చెప్పాల్సిన మాట ఇంకా ఉంది. మొదటి ముక్క ఎవరి నోటినుంచైనా వస్తే రెండోది అందుకుందామని, మా ఒక్కొక్కరి నోటి వైపూ చూస్తూ ఇసకలో నిలబడే ఉన్నాడు.