బతికుండగానే బెంచీ

నన్ను నలుగురూ గుర్తుంచుకోవాలని, రిటైరయ్యాక కార్ఖానా ఏరియాలోని మా కాలనీ పార్కుకు ఒక సిమెంటు బెంచీ ఇచ్చి, దాని మీద నా పేరు చెక్కించాను. అక్కడి బెంచీలన్నీ పోయినవాళ్ళ పేరున పిల్లలు వేయించినవేనన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

మొన్న సాయంత్రం నేను దాని మీద కూర్చుని ఉంటే, పక్కన చేరిన ఒకావిడ ఆ పేరు చదివి నిట్టూర్చింది.

"పాపం, ఎన్నడు పోయిండో! పిల్లలు మాత్రం బంగారం, తండ్రిని యాదుంచుకున్నరు. ఈయన మీకు ఎరుకనా అంకుల్?"

బెంచీ నా పింఛనుతో, మంచిపేరు నా పిల్లలకు! ఒళ్ళు మండింది. బతికే ఉన్నానని చెప్పబోయాను. కానీ ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు.

"బాగా ఎరుకమ్మా. శానా మంచోడు," అన్నాను. ఆ పేరు మీది దుమ్మును చేత్తో తుడిచాను.