మైకులో లెక్కలు, వీధిలో వేలం

ఆ రోజుల్లో జేబులో పెన్నున్న ప్రతి కుర్రాడూ మా జిల్లాలో తానే పెద్ద విలేఖరిననుకునేవాడు. నేనైతే ఇంకో మెట్టు పైనే ఉండేవాణ్ణి. ఎచ్చెర్లలో చదువు ముగించి, ఓ పత్రికకు భావనపాడు వైపు వార్తలు పంపేవాణ్ణి. ఓ మత్స్యకార పల్లెలో పిల్లలకు వరసగా అమ్మవారు పోసి బడి మూసేశారని తెలిసి, 'బోసిపోయిన బడి' అని శీర్షిక ఆలోచించుకుని మరీ బస్సెక్కాను. (వార్త కంటే ముందు శీర్షిక పుట్టే వయసది.)

బడిలో హెడ్మాస్టారు ఒక్కరే ఉన్నారు. పదో తరగతి పరీక్షలు నెత్తి మీదున్నాయి. పిల్లలేమో వేపమండలు కట్టిన గుమ్మాల వెనక ఉన్నారు. లెక్కల మాస్టారికీ పోసింది. నేను పెన్ను తీసేలోపే ఆయన "డిగ్రీలో ఏం చదివావు?" అనడిగారు. లెక్కలన్నాను. "అయితే రాయడం తర్వాత, చెప్పడం ముందు" అంటూ ఒడ్డునున్న ఊరి మైకు దగ్గరకు లాక్కెళ్ళారు. అమ్మవారున్న ఇంటి గడప బయటివాళ్ళు తొక్కరు కనుక, పాఠాన్నే గాలిలో పంపాలని ఆయన ఉపాయం.

గొంతు సవరించుకుని "హలో... హలో..." అన్నాను. ఆ ఊళ్ళో మైకులో హలో వినబడితే పడవలు కనబడ్డాయని అర్థమట, నాకెవరూ చెప్పలేదు. క్షణాల్లో వీధులన్నీ గంపలతో ఒడ్డుకు పరిగెత్తుకొచ్చాయి. అందరికంటే ముందు, ఒడ్డున చేపల పాట పాడే వేలం పిన్ని.

"పడవలేవి బాబూ?"

"పడవలు కాదు పిన్నీ, లెక్కల పాఠం."

"ఓలమ్మో! లెక్కలకి గంపలెందుకు తెప్పించినావు? నీ లెక్కలు నెత్తినెట్టుకు మోస్తామేటి?"

ఒడ్డంతా పకపకా నవ్వింది. నేను మైకు వెనక దాక్కోవాలని చూశాను. (మైకు బాగా సన్నం.) అంతలో ఆవిడ గొంతు తగ్గించింది. ఆవిడ కూతురు, ఊరంతా పీత అని పిలిచే పిల్ల, పదో తరగతి. వేపాకుల మీద పడుకుని ఉంది. "ఈ పరీచ్చ పోతే రొయ్యల సెడ్డులో పనికేసేత్తానని మా ఇంటాయన అంతన్నాడు. నువ్వు సెప్పు బాబూ. అయితే హలో అనకు, బడి గంట కొట్టు. గంటయితే పిల్లలకి, హలో అయితే మాకు."

మర్నాటి నుంచి అలాగే సాగింది. నేను ప్రశ్న అడిగితే పిల్లలు కిటికీల్లోంచి జవాబు అరిచేవారు. వీధి వీధిలో దూరదూరంగా నిలబడ్డ ఆడవాళ్ళు దాన్ని ఒకరి నుంచి ఒకరు అందుకుని నా దాకా చేర్చేవారు. ఓ రోజు లంబకోణ త్రిభుజం. కర్ణం పదమూడు, ఒక భుజం అయిదు, రెండోది ఎంత? పీత "పన్నెండు!" అని అరవడం నాకే లీలగా వినబడింది. మొదటి వీధిలో అది "పదమూడు" అయింది. రెండో వీధి "పద్నాలుగు" అంది. నా దగ్గరకొచ్చేసరికి "పదిహేను! ఇంకెవరన్నా ఉన్నారా?" రెండో భుజం కర్ణాన్నే దాటిపోయింది.

వేలం పిన్ని నడుముకు చెంగు బిగించి వీధిలో పడింది. "ఒసే, నోటి దురదేటే మీకు? ఇది పాట కాదు, లెక్క! నా పిల్ల పన్నెండంటే పన్నెండే. ఎవుర్తైనా ఒక్కటి పెంచిందా, దాని గంప సముద్రంలో ఇసిరేత్తాను!"

ఆ తర్వాత ఒక్క అంకె కూడా పెరగలేదు. మధ్యలో పడవలొస్తే ఊరంతా ఒడ్డుకు పరిగెత్తేది. పాట ముగియగానే తడి చీరలతోనే మళ్ళీ వీధుల్లో నిలబడేది. అంత అలసటలోనూ ఒక్కరూ విసుక్కోలేదు. నేను చూసిన బళ్ళలో అంత పెద్దది మరొకటి లేదు. 'ఊరే బడి' అని పేజీల కొద్దీ రాసి పంపాను. లోపలి పేజీలో, వేరుశనగ ధరల కింద, రెండు వాక్యాలుగా వచ్చింది.

పరీక్షల వేళకు అమ్మవారు దిగింది. మొహం నిండా మచ్చలతోనే పీత ఆటో ఎక్కింది.

ఫలితాలొచ్చిన నాడు నేనూ వెళ్ళాను. వేట నిషేధం రోజులవి. పడవలన్నీ ఇసుకలో బోర్లా పడుకుని ఉన్నాయి. ఉన్నట్టుండి మైకులో "హలో... హలో..." అని వేలం పిన్ని గొంతు. సముద్రంలో ఒక్క పడవా లేదని తెలిసీ, అలవాటుకొద్దీ ఊరంతా గంపలతో పరిగెత్తుకొచ్చింది. "పీత పాసయినాదర్రా!" అందావిడ. ఖాళీ గంపలెందుకు తెప్పించావని ఈసారి ఎవరూ అడగలేదు. వెనక నిలబడ్డ ఆవిడ ఇంటాయన మాత్రం తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ "ఎండ" అన్నాడు.

ఇప్పుడు సభల్లో మాట్లాడమని పిలుస్తుంటారు. మైకు అందగానే "హలో" అంటాను. అలవాటుగా గుమ్మం వైపు చూస్తాను. గంపలతో ఎవరూ రారు. మర్యాదస్తులు, చేతులు కట్టుకుని కూర్చుంటారు. అప్పుడు నాలో నేనే నవ్వుకుని, కాస్త తక్కువగా మాట్లాడి దిగిపోతాను.